డెల్టా మన్ను పుట్టుపూర్వోత్తరాలు



సార్వా ఊడ్పులకు దమ్ము చేసేటప్పుడు మోకాటిలోతు దిగబడే ఆ నల్లని బురద ఎక్కడిదని మీరెప్పుడైనా ఆలోచించారా? తాతలనాటి పొలం అంటాం. శిస్తు రసీదులు, దస్తావేజులు తీసి చూపిస్తాం. అవి మహా అయితే నూరు, నూటయాభై ఏళ్ళ సంగతి చెబుతాయి. కాని నేలకు తనదైన దస్తావేజు వేరే ఉన్నది. అది రాజమండ్రి పక్కన కాతేరు రాతిగోతుల్లోనూ, పాపికొండల్లోనూ, కోనసీమ ఇసుక దిబ్బల్లోనూ రాసి ఉన్నది. ఈనాడు ఆ దస్తావేజు చదువుకుందాం.

"రాళ్ళ కబుర్లు మాకెందుకండీ, ఎరువుల సంగతి చెప్పండి" అని మీరు అనవచ్చు. ఎరువుల సంగతీ వస్తుంది. అయితే నేల ఎట్లా వచ్చిందో తెలిస్తేనే అది ఎట్లా పోతుందో కూడా తెలుస్తుంది. గోదావరి డెల్టాలో ఇప్పుడు మనం తెలుసుకోవలసిన సంగతి అదే.

భూమి లోపల ఏమున్నది?

కోనసీమ వారికి ఇది చెప్పటం తేలిక. మొలకెత్తిన కొబ్బరికాయను పగలగొట్టి చూడండి. పైన చిప్ప, చిప్పకు అంటుకొని కొబ్బరి, లోపల నీళ్ళు, ఆ నీళ్ళ నడుమ తెల్లని పువ్వు. భూమి అమరిక కూడా ఇంచుమించు ఇదే. మనం నిలబడిన పై చిప్పను భూపటలం అంటారు. ఖండాల కింద దీని మందం సగటున 35 నుంచి 40 కిలోమీటర్లు. దాని కింద 2,900 కిలోమీటర్ల లోతు వరకు ఉన్నది భూప్రావారం. అది కొబ్బరి వంటిది. ఆ దిగువను కరిగిన ఇనుము, నికెలు నిండి ఉన్నాయి. అది నీళ్ళ వంటిది. సుమారు 5,150 కిలోమీటర్ల లోతు నుంచి నడిబొడ్డు వరకు గట్టి ఇనుప ముద్ద ఉన్నది, అది పువ్వు. మొత్తం లోతు సుమారు 6,370 కిలోమీటర్లు. ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. కాయ పరిమాణాన్ని బట్టి చూస్తే, భూమి చిప్ప కొబ్బరి చిప్పకంటే చాలా పల్చన.

ఇంత లోతు ఎవరు దిగి చూశారు? ఎవరూ దిగలేదు. సోవియట్ దేశంలో కోలా అనే చోట తవ్విన బోరు 1989 నాటికి 12,262 మీటర్లు వెళ్ళి ఆగిపోయింది. అది చిప్పను కూడా దాటలేదు. లోపలి సంగతి చెప్పినవి భూకంపాలు. 1897 జూన్ 12న అస్సాంలో పెద్ద భూకంపం వచ్చింది. భారత భూగర్భ పరిశోధన సంస్థలో పనిచేసిన రిచర్డ్ ఓల్డ్‌హామ్ ఆ కంపం తాలూకు అలలు దూరదేశాల యంత్రాల మీద ఎట్లా నమోదయ్యాయో పోల్చి చూశాడు. అలలు అన్నీ ఒక్క వేగంతో రావనీ, ఒక్క తీరుగా రావనీ తేలింది. తరువాత 1906లో, భూమికి లోపల వేరే కేంద్రం ఉన్నదని ఆయనే నిరూపించాడు. ఆ కేంద్రం నడుమ మరొక గట్టి ముద్ద ఉన్నదని 1936లో డెన్మార్కు శాస్త్రజ్ఞురాలు ఇంగె లేమన్ చెప్పింది. కాయను తట్టి, చప్పుడును బట్టి నీళ్ళున్నదీ లేనిదీ మనం చెప్పమూ? ఇదీ ఆ కోవకు చెందిన విద్యే.

ఇక ఆ చిప్ప ఒక్క ముక్కగా లేదు. పెద్దవీ చిన్నవీ కలిపి అనేక ఫలకాలుగా పగిలి ఉన్నది. ఫలకం అంటే పైచిప్పా, దాని కింద ప్రావారంలోని గట్టి పైభాగమూ కలిసిన పలక. ఆ దిగువ ప్రావారం రాయే అయినా, విపరీతమైన వేడికి బహు నెమ్మదిగా సాగుతూ ఉంటుంది. దానిమీద ఫలకాలు కదులుతాయి. మన భారత ఫలకం ఏడాదికి సుమారు రెండంగుళాలు ఈశాన్యంగా జరుగుతున్నది. రెండంగుళాలే గదా అనుకోవద్దు. నూరేళ్ళకు 16 అడుగులు. కోటి ఏళ్ళకు 500 కిలోమీటర్లు! ఖండాలు కదిలాయని జర్మనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ 1912లో చెబితే పెద్దలు చాలామంది నమ్మలేదు. 1960ల తరువాతగాని ఆ మాట స్థిరపడలేదు.

మన్యం కొండలు: ఒకప్పటి బురద

ఇప్పుడు మన గడ్డకు వద్దాం. అన్నిటికంటే పాతవి మన్యం కొండలు. పాపికొండల్లోనూ, రంపచోడవరం వైపునా కనిపించే తూర్పు కనుమల రాళ్ళలో ముఖ్యమైనదాన్ని ఖొండలైటు అంటారు. ఖోండు గిరిజనుల పేరు మీదనే ఆ పేరు వచ్చింది. కోణార్క దేవాలయం కట్టింది ఈ జాతి రాయితోనే. ఈ రాయి మొదట ఏమిటో తెలుసునా? బురద! ఏనాటిదో ఒక సముద్రం అడుగున పేరుకున్న బంకమన్ను. ఫలకాలు ఒకదానినొకటి ఢీకొన్నప్పుడు ఆ మన్ను చిప్పలోతుకు దిగి, వేడికీ వత్తిడికీ ఉడికి, రూపం మారి గట్టి రాయి అయింది. ఇది సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందటి మాట. ఇటువంటి వాటిని రూపాంతర శిలలు అంటారు.

ఆ ఢీకొన్న రెండవ పక్షం అంటార్కిటికా. మంచు ఖండంలోని కొన్ని కొండల రాళ్ళూ, మన తూర్పు కనుమల రాళ్ళూ ఒక్క కుదురులోనివే. ఆ తరువాతి కాలంలో మన దేశం, అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా కలిసి ఒక మహాఖండంగా ఉండేవి. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా. ఆ పేరు కూడా మన గోండుల గడ్డదే.

ఆ మహాఖండం రోజుల్లోనే ఇప్పటి ప్రాణహిత, గోదావరి సాగే దారి వెంట నేల చీలి, రెండు గట్ల నడుమ పల్లంలా కుంగింది. ఆ పల్లంలో అడవులు పూడి బొగ్గయినాయి. అదే సింగరేణి బొగ్గు. భూగర్భ పరిశోధన సంస్థకు చెందిన విలియం కింగ్ 1870లలో ఇల్లెందు ప్రాంతంలో దానిని గుర్తించాడు. 1889 నాటికి తవ్వకం మొదలైంది. ఆ లోయ పొరల్లోనే రాక్షసిబల్లుల ఎముకలు దొరికాయి. ఆదిలాబాదు యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టి ఉన్నది. వెళ్ళినప్పుడు పిల్లలకు చూపించండి.

ఈ పాత చీలిక పూర్తిగా నిద్రపోలేదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరు 4న ములుగు వైపు 5.3 తీవ్రతతో కంపించి ఇటు గోదావరి జిల్లాల వరకు తెలిసింది.

సముద్రం వచ్చింది, నిప్పు వచ్చింది

సుమారు 13 కోట్ల ఏళ్ళ కింద అంటార్కిటికా మననుంచి విడిపోయింది. ఆ తెగిన అంచే మన తూర్పు తీరం. తెగిన చోట నేల మెట్లుమెట్లుగా కుంగింది. ఆ గోతుల్లోకి సముద్రం వచ్చింది. ఏళ్ళ తరబడి బురద, ఇసుక పడ్డాయి. కొన్ని కిలోమీటర్ల మందాన పడ్డాయి. ద్వారకా తిరుమల చుట్టుపక్కల మెట్టలో ఆనాటి పొరలు పైకి కనిపిస్తాయి. రాఘవాపురం దగ్గరి పలకరాళ్ళలో సముద్ర జీవుల అచ్చులున్నాయి. ఈ పొరలే డెల్టా కింద లోతుగా దిగిపోయాయి. వాటిలో కుళ్ళిన జీవపదార్థం వేడికి మారి గ్యాసు అయింది, నూనె అయింది. నరసాపురం, రాజోలు, అమలాపురం ప్రాంతాల్లో బోర్లు దించి తీస్తున్నది దానినే. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి ఎగదన్ని, మంట 65 రోజులు ఆరలేదు. అంత వత్తిడి మన కొబ్బరితోటల కింద దాగి ఉన్నది.

ఇక నిప్పు సంగతి. 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కింద, మన ఫలకం హిందూ మహాసముద్రంలో ఇప్పటి రీయూనియన్ దీవి ప్రాంతం మీదుగా జరిగేటప్పుడు, పడమటి కనుమల వైపున చిప్ప పగిలి లావా పొంగింది. పొర మీద పొరగా దక్కను అంతా పరుచుకొన్నది. ఆ రాయే దక్కను నల్లరాయి, అనగా బసాల్టు. కరిగిన పదార్థం చల్లారి గట్టిపడితే దానిని అగ్నిశిల అంటారు.

మరి రాజమండ్రి ఎక్కడ, పడమటి కనుమలెక్కడ? అయినా కాతేరులోనూ, గోదావరికి అవతల పంగిడి, దుద్దుకూరుల్లోనూ అదే నల్లరాయి ఉన్నది. మన రోడ్లకు పరిచే కంకర చాలా భాగం ఇదే. దీని రసాయన గుణాలూ, అయస్కాంత గుణాలూ పడమటి లావాతో సరిపోతున్నాయనీ, పాత నదీలోయల వెంట సుమారు 1,000 కిలోమీటర్లు పారి వచ్చిందనీ 2008లో స్టీఫెన్ సెల్ఫ్, ఆయన సహచరులు తేల్చారు. ప్రపంచంలో ఇంత పొడవు పారిన లావా మరొకటి ఉన్నదా అన్నంత గొప్ప సంగతి ఇది. దానిని మనం కంకరగా కొట్టి రోడ్డున పోస్తున్నాం!

కాతేరులో కింద ఒక లావా పొర, పైన ఒక లావా పొర, నడుమ సున్నపురాయి. ఆ సున్నపురాయి నిండా గుల్లలూ, నత్తచిప్పలూ. అనగా రెండు లావాల నడుమ కాలంలో సముద్రపు అంచు రాజమండ్రి దగ్గర ఉన్నదన్నమాట. ఆ గుల్లలను స్టీఫెన్ హిస్లప్ 1860లోనే వర్ణించాడు. 2008లో గెర్టా కెల్లర్ బృందం ఈ గోతుల్లోని అతి సూక్ష్మమైన సముద్ర జీవుల గుల్లలను పరీక్షించింది. రాక్షసిబల్లులు అంతరించిన వెంటనే పుట్టుకొచ్చిన జాతులు అవి అని చెప్పింది. ఆ వినాశనానికి ఆకాశంనుంచి పడిన పెద్ద శిల కారణమా, ఈ లావా కూడా తోడైందా అని శాస్త్రజ్ఞులు వాదించుకొంటూనే ఉన్నారు. ఆ వాదానికి సాక్ష్యం చెప్పిన చోట్లలో మన కాతేరు ఒకటి.

ఆ లావా మీద ఎంతో కాలం తరువాత నదులు తెచ్చిన ఇసుక, గులకరాళ్ళు పడి, బిగిసి ఇసుకరాయి అయ్యాయి. దాని పేరే రాజమండ్రి ఇసుకరాయి. ఇది పొరరాయి, అనగా అవక్షేప శిల. ఈ విధంగా రూపాంతర శిల, అగ్నిశిల, అవక్షేప శిల, మూడు జాతులూ మన జిల్లాల్లోనే ఉన్నాయి. రాజమండ్రి, పెద్దాపురం మెట్టల్లోని ఎర్ర గరపనేల ఆ ఇసుకరాయి చివికినదే. మెట్టరైతుల బోర్లకు నీరిచ్చేదీ ఆ ఇసుకరాయే.

రాయి మన్నయింది, మన్ను పొలమయింది

గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టేది ఆ లావా కొండల్లోనే. 1,465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. పరీవాహక ప్రాంతంలో సగానికి దగ్గరగా దక్కను నల్లరాయే. ఎండకూ వానకూ ఆ రాయి చివికి నల్లరేగడి అవుతుంది. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే బంక అది. ఏటేటా ఎర్రనీటితో దిగివచ్చి మన పొలాల్లో పరుచుకొన్న బంక చాలావరకు అదే. దానికి మన్యం కొండల ఎర్రమన్నూ, సింగరేణి లోయ ఇసుకా తోడైనాయి. నిప్పుగా పొంగి, రాయిగా బిగిసి, మన్నుగా చివికి, నీటిలో కొట్టుకువచ్చి చివరకు మీ మడిలో నిలిచింది. వరిగడ్డ పట్టు దొరికిందీ, దాళ్వాకు నీరు నిలిచిందీ ఆ బంక మూలంగానే.

అయితే డెల్టా మాత్రం చాలా చిన్నది. కొండలు కోట్ల ఏళ్ళవైతే, డెల్టా పైపొర వేల ఏళ్ళది. సుమారు ఆరేడు వేల ఏళ్ళ కింద సముద్రమట్టం పెరగటం నెమ్మదించాక, నది తెచ్చిన ఒండ్రు సముద్రాన్ని వెనక్కు నెట్టటం మొదలుపెట్టింది. నెట్టిన ప్రతిసారీ అలలు ఒక ఇసుకగట్టు కట్టాయి. కోనసీమలో వరుసలుగా కనిపించే ఇసుక దిబ్బలు ఒకప్పటి సముద్రపుటొడ్డులే. ఊళ్ళూ, కొబ్బరితోటలూ దిబ్బల మీద. వరి నడుమ పల్లాల్లో. ఈ ఏర్పాటు చేసింది నదీ, సముద్రమూ. మన పెద్దలు దానిని గమనించి కాపురం పెట్టారు. ఊళ్ళ పేర్లు చూడండి: లంక, దిబ్బ, తిప్ప, మొగ. ప్రతి పేరూ ఒక ఒండ్రు మేట గుర్తు. వైనతేయ పాయ ఒడ్డున ఆదుర్రులో బౌద్ధస్తూపం శిథిలాలున్నాయి. బౌద్ధం నాటికే అక్కడ నేల నిలదొక్కుకొన్నదని తెలుస్తున్నది. కోరంగి రేవు పూడిపోయిందీ ఒండ్రు మూలంగానే. కాకినాడ ఎదుట హోప్ ఐలాండు ఇసుకదీవి పెరిగింది గత రెండు వందల ఏళ్ళలోపే.

ఆనకట్ట తరువాత

1833 నాటి నందన కరువు మన పెద్దలు మరువలేదు. ఆ తరువాత 1839లో ఉప్పెన. ఊళ్ళు పాడుపడ్డాయి. అప్పుడు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852లో పూర్తిచేశాడు. ఆ చోటు ఎందుకు ఎంచాడు? కొండలూ మెట్టలూ ముగిసి డెల్టా తెరుచుకొనే మొదలు అదే. నది పాయలుగా చీలేది అక్కడే. రాయి పక్క గుట్టలోనే దొరికింది. ఆ పాత ఆనకట్ట స్థానంలో 1970 నుంచి 1982 వరకు బ్యారేజి కట్టారు. సుమారు పది లక్షల ఎకరాలు దానిమీద బతుకుతున్నాయి. కాటన్‌దొరకు ఊరూరా విగ్రహం పెట్టుకొన్నామంటే ఊరికే పెట్టుకోలేదు.

కాని లెక్కలో రెండవ పక్క కూడా చూడాలి. ఏటిగట్లు కట్టాక వరద పొలం మీదికి రాదు. 1953, 1986 వరదల వంటివి గట్టు తెంపి వచ్చినప్పుడు మనం కోరేది ఒండ్రు కాదు గదా, ప్రాణాలు దక్కితే చాలు. గట్లు ఉండవలసిందే. అయితే గట్టు కట్టిననాటినుంచి పొలానికి కొత్త మన్ను రావటం తగ్గింది. ఎగువను నది మీదా, ఉపనదుల మీదా జలాశయాలు లేచాక సముద్రం దాకా వచ్చే ఒండ్రు కూడా తగ్గింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన హేమమాలిని, నాగేశ్వరరావుగార్లు 2004లో లెక్క ప్రచురించారు. 1971–79లో ఏటా సుమారు 15 కోట్ల టన్నులు వచ్చిన ఒండ్రు, 1990–98 నాటికి 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. 1976 నుంచి 2001 లోపు డెల్టా అంచున 1,800 హెక్టార్లకు పైగా నేల సముద్రం పాలైంది.

మరొక సంగతి. కొత్తగా పోసిన మట్టికట్ట కొంతకాలానికి దిగుతుంది, మీకు తెలిసినదే. డెల్టా కూడా తన బరువుకు తానే దిగుతుంది. పూర్వం ఏటేటా పైన కొత్త ఒండ్రు పడి ఆ దిగుబాటు పూడేది. ఇప్పుడు దిగటం ఆగలేదు, పూడటం తగ్గింది. ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2009లో, మన గోదావరి, కృష్ణా డెల్టాలను ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చారు.

ఇక మంచినీరు. తీరపు ఊళ్ళలో ఇసుక కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలి ఉంటుంది. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. సముద్రమట్టంకంటే ఒక అడుగు ఎత్తున మంచినీరుంటే, మట్టానికి కింద సుమారు 40 అడుగుల వరకు మంచినీరు నిలుస్తుందని లెక్క. దాన్నిబట్టి, మోటారు పెట్టి పైన ఒక అడుగు తోడేస్తే, కాలక్రమాన కింద 40 అడుగుల మేర ఉప్పు పైకి వస్తుంది. ఒక్క అడుగే గదా అనుకొన్న రైతు బావి ఇందుకే ఉప్పుతేలుతుంది.

మన చేతిలో ఉన్నది

జలాశయాలు మన చేతిలో లేవు, సముద్రం అసలే లేదు. పొలం మాత్రం మన చేతిలో ఉన్నది. ఇటుకబట్టీకి పైమట్టి అమ్మేవారితో ఒక్క లెక్క చెబుతాను. ఎకరంలో ఒక అంగుళం మట్టి అంటే సుమారు 100 ఘనమీటర్లు. బరువు 130 టన్నుల దరిదాపు. మూడు ఘనమీటర్లు పట్టే ట్రక్కు 34 సార్లు తిరిగితే ఎకరం మీద అంగుళం పోయింది. బట్టీవాడు అంగుళంతో ఆగడు, అడుగులోతు అడుగుతాడు. పూర్వం అయితే పోయిన మన్నుకు బదులు గోదావరి తల్లి తిరిగి తెచ్చేది. ఇప్పుడు తెచ్చిపెట్టేవారు లేరు. పొలం పల్లమై మురుగు నిలుస్తుంది. తీరపు ఊళ్ళలో అయితే ఉప్పుకు దగ్గరవుతుంది కూడా. మెరక తగ్గించుకోవలసిన అవసరమే ఉంటే, పైమట్టి జానెడు పక్కకు తీసి పోగుపెట్టి, అడుగుమట్టి తీయించి, పైమట్టి తిరిగి పరిపించండి.

వేసవి వానలు పడగానే జీలుగ చల్లండి, పూతదశలో కలియదున్నండి. జీలుగ ఉప్పును కూడా కొంత ఓర్చుకొంటుంది. సార్వా కోతల తరువాత నీరు లేనిచోట పిల్లిపెసర వేయండి. గడ్డి తగలబెట్టవద్దు, అది నేలకు చేరవలసిన సత్తువ. ఉప్పు పొలాలకు మొదటి మందు మురుగుపోవటం. బోదె తెరిచి, మంచినీరు పెట్టి, ఉప్పును కడిగి డ్రెయిన్‌లోకి దింపాలి. డ్రెయిన్ పూడి ఉంటే ఎన్ని బస్తాలు చల్లినా వృథా. జిప్సం మట్టి పరీక్షలో చౌడు తేలినవారికే. కేవలం ఉప్పు ఉన్నవారికి దానితో పని లేదు. బావులున్నవారు మోటారు అదేపనిగా నడపక, విడతలు విడతలుగా తోడుకోవాలి. చెరువులు పూడ్చవద్దు. వాననీరు దిబ్బలోకి ఇంకితేనే ఉప్పు అడుగున ఉంటుంది.

2022లో మన జిల్లాలు విడిపోయాయి, పేర్లు మారాయి. మన్ను మాత్రం ఒక్కటే. 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కింద పొంగిన నిప్పు మీ మడిలో వరికి వేరు పట్టు ఇస్తున్నది. వచ్చే వేసవిలో ట్రక్కులవారు గట్టుమీదికి వచ్చి బేరం అడుగుతారు. అప్పుడు ధర మాట్లాడేముందు, ఎన్ని అంగుళాలు అని లెక్క కట్టి చూడండి.